గుణశేఖర్ మెదడును పుచ్చుకోని కమిటీ వారికి

జమ్మలమడుగు,
తేది: 18-11-2024.

మరణానంతర శరీరభాగ దాన అనుమతుల కమిటీ సభ్య కార్యదర్శి గారి సముఖమునకు,
ఆఫీసు: ప్రొద్దుటూరు. క్యాంపు: జమ్మలమడుగు. క్యాంపు నుండి క్యాంపు: పులివెందుల.

అర్జీదారు: నాగలత, భర్త కీ.శే. గుణశేఖర్, అంగన్‌వాడీ కార్యకర్త, జమ్మలమడుగు మండలం.

అయ్యా,

విషయం: తిరగబెట్టిన మెదడు క్యాన్సరుకు బెంగుళూరులో జరుగుచున్న రక్షణ కణాల చికిత్సా పరీక్షలో పాల్గొని మరణించిన నా భర్త మెదడును వైద్యులు పరిశీలించుటకు తాము అడ్డుపడుట, అదే పరీక్షలో ఉండి, ప్రస్తుతం జీవించియున్న పులివెందుల నివాసి ఇనాయతుల్లా అర్జీపై సంతకం కోరుట, నాపై తాము మా శాఖ చేత ఇప్పించిన మెమోకు జవాబు - గురించి.

సూచిక: (1) నా భర్త దరఖాస్తు, తేది 3-6-2024. (2) దానిపై తమ జవాబు. (3) తమ ఫిర్యాదుపై వచ్చిన మెమో, తేది 21-10-2024. (4) తమ అనుమతి పత్రం, తేది 29-10-2024.

పై విషయములలో తమకు తెలియపరచునది ఏమనగా:

1. నా భర్త గుణశేఖర్ గొర్రెలు మేపుకొని బతికిన మనిషి. మాకు నూట పది జీవాలు, గండికోట కొండ దిగువన రెండెకరాల శనగ చేను ఉన్నాయి. 2022 ఆగస్టులో ఒకనాటి సాయంత్రం ఆయన మందను తోలుకొచ్చి, దొడ్డి గోడ ముందర నిలబడిపోయాడు. గొర్రెలు తమంతట తాము లోపలికి పోయాయి. ఈయన కదలలేదు.

"ఏందప్పా, ఆడ నిలబడినావు?" అని అడిగాను.

"వాకిలి యాడికి పోయిందో చూస్తాండా" అన్నాడు.

వాకిలి ఆయనకు మూడడుగుల దూరంలో ఉంది. మెదడులో కోడిగుడ్డంత గడ్డ ఉన్నట్టు వారం తర్వాత స్కానింగులో తేలింది. ఆపరేషను, రేడియేషన్ కరెంటు, మాత్రలు అన్నీ అయ్యాయి. పద్నాలుగు నెలలు బాగున్నాడు. తర్వాత గడ్డ అదే చోట మళ్ళీ వచ్చింది. రెండోసారి కోయడానికి వీలు కాదని డాక్టర్లు చెప్పారు.

2. అప్పుడు బెంగుళూరులో ఇటువంటి రోగుల మీద కొత్త చికిత్సను పరీక్షిస్తున్నారని తెలిసి పోయాము. అక్కడ డాక్టరు ఫాయిజా గారు మమ్మల్ని కూర్చోబెట్టి వివరంగా చెప్పారు. ఆమెది ఖాజీపేట. మా మాటలోనే చెప్పారు. ఆమె చెప్పినది తమ ఫైలులో ఎక్కడా లేదు కనుక ఇక్కడ రాస్తున్నాను. చదివే ఓపిక లేనిచో తాము తరువాతి అంశమునకు పోవచ్చును. అది తమకు అలవాటే.

మన రక్తంలో రోగంతో పోరాడే తెల్ల కణాలు ఉంటాయి. క్యాన్సరు కూడా మన ఒంటిలో పుట్టినదే కనుక అవి దాన్ని శత్రువని గుర్తుపట్టలేవు. ఆ కణాలను రక్తంలో నుంచి వేరు చేసి, ప్రయోగశాలలో వాటి జన్యువులను మార్చి, గడ్డ మీద ఉండే ఒక గుర్తును పట్టుకునేలా తయారు చేసి, కోట్ల సంఖ్యలో పెంచుతారు. తల చర్మం కింద ఒక చిన్న బుడ్డి అమర్చి, దాని ద్వారా వాటిని తిరిగి మెదడులోకి ఎక్కిస్తారు.

"అన్నా, ఇది మందని చెప్పి నిన్ను మోసం చెయ్యను. ఇది పరీక్ష" అన్నారు ఫాయిజా గారు. "నీకంటే ముందర ఆరుమందికే ఎక్కించినాం. ఇద్దరికి గడ్డ తగ్గింది, మళ్ళీ వచ్చింది. నీకు తగ్గొచ్చు, తగ్గకపోవచ్చు. ఈ కణాల వల్లనే ప్రాణం మీదికి రావొచ్చు గూడా."

నా భర్త, "నాకు పనికి రాకపోయినా, నా వెనకాల వచ్చేటోనికి ఏమన్నా తెలుస్తాదామ్మా?" అని అడిగాడు.

"తెలుస్తాది."

"అట్లయితే రాసుకో."

అంగీకార పత్రం ఇరవై రెండు పేజీలు. ఆమె ప్రతి పేజీ చదివి, ఆయన చేత తిరిగి చెప్పించుకొని, రెండు రోజుల తర్వాత సంతకం పెట్టించుకున్నారు. తమ జవాబు, సూచిక (2), రెండే వాక్యాలు.

3. జనవరిలో కణాలు ఎక్కించారు. విపరీతమైన జ్వరం వచ్చింది. నాలుగు రోజులు నన్ను గుర్తుపట్టక "మేడమ్, మీదే ఊరు?" అని అడిగాడు. అయిదో రోజు పొద్దున కళ్ళు తెరిచి, "కుంటి గొర్రె ఈనిందా?" అన్నాడు. నేను బయటికి పోయి వరండాలో కూర్చొని ఏడ్చాను. పక్క మంచం మీది ఇనాయతుల్లా భార్య తస్లీమా నన్ను పట్టుకొని కూర్చుంది. ఇనాయతుల్లా పులివెందులలో దర్జీ. ఆయనకూ ఇదే రోగం, ఇదే చికిత్స, మా తర్వాత పది రోజులకు ఎక్కించారు.

మార్చిలో తీసిన స్కానులో గడ్డ సగానికి తగ్గింది. నా భర్త ఇంటికొచ్చి మళ్ళీ మందతో కొండకు పోయాడు. మూడు నెలలు ఆ మనిషి నాకు దక్కాడు. ఆ మూడు నెలలు ఎవరిచ్చారో నాకు తెలుసు. తమరు మాత్రం కాదు.

మే నెలాఖరుకు గడ్డ అంచున మళ్ళీ పెరిగింది. ఫాయిజా గారు ఫిల్ము చూపించి, "మేమెక్కించిన కణాలు సచ్చిపోయినాయా, అలిసిపోయినాయా, ల్యాకుంటే గడ్డే ఆ గుర్తును దాచిపెట్టుకునిందా, తెలీదన్నా. బయట్నుంచి ఎంత చూసినా తెలీదు" అన్నారు.

"లోపల చూస్తే?" అని నా భర్త అడిగాడు.

మళ్ళీ ఆయనే అన్నాడు: "మందలో గొర్రె సచ్చిపోతే మేం పశువుల డాక్టరును పిలిపిస్తాం. ఆయన కోసి చూసి, ఇదీ యాధి అని చెప్తాడు. అప్పుడు మిగతావాటికి మందు పోస్తాం. కొయ్యకుండా ఏం మందు పోస్తావు? నేను పోయినాంక నా తల తీసి చూడండి."

ప్రాణం పోయిన పన్నెండు గంటల లోపల తీస్తేనే కణాల జాడ సరిగా తెలుస్తుందని, ఎప్పుడు ఫోన్ చేసినా ఐసు పెట్టె తీసుకొని తానే వస్తానని ఫాయిజా గారు మాటిచ్చారు.

4. జూన్ 3వ తేదీన నా భర్త తన చేత్తో దరఖాస్తు రాశాడు. కుడి చేతిలో అప్పటికే పెన్ను నిలవడం లేదు. నేను రాస్తానంటే ఒప్పుకోలేదు. పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నం అన్నం వేళకు ముగించాడు. తమ ఆఫీసుకు పోయి మేమే ఇచ్చి రసీదు తీసుకున్నాము. నెల తర్వాత తమ జవాబు వచ్చింది. దానిని ఉన్నది ఉన్నట్లు కింద రాస్తున్నాను:

"దరఖాస్తుదారు జీవించియున్నందున మరణానంతర అనుమతి పరిశీలనార్హము కాదు. మరణించిన పిమ్మట దరఖాస్తు చేసుకొనవలసినదిగా సూచించడమైనది."

నా భర్త దాన్ని రెండుసార్లు పైకి చదివి, పొలమారేదాకా నవ్వాడు. "సరేలే నాగలతా, సచ్చినాంక పోయి లైన్లో నిలబడతా" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. నేను అంగన్‌వాడీలో పద్దెనిమిదేళ్ళుగా రిజిస్టర్లు రాస్తున్నదాన్ని. ఇటువంటి వాక్యం రాయగలిగినవాడు రేపు ఏమైనా చేయగలడని ఆనాడే నాకు అనుమానం వచ్చింది.

5. అక్టోబరు 10, గురువారం, ఉదయం అయిదూ నలభైకి నా భర్త ఇంట్లో కన్నుమూశాడు. ఏడవడానికి టైము లేదు. నేను మొదట ఫాయిజా గారికి ఫోన్ చేశాను. ఆమె ఇంకో డాక్టరును వెంటబెట్టుకొని బెంగుళూరులో బయలుదేరారు. మేము శవాన్ని ప్రొద్దుటూరులో ఒక ఆసుపత్రికి చేర్చాము. అక్కడి పెద్ద డాక్టరు చల్లపెట్టెలో చోటిచ్చి, బల్ల కూడా ఇస్తానన్నాడు. కానీ కమిటీ కాగితం లేకుండా కత్తి పెట్టనివ్వలేనని చెప్పాడు. ఆయన తప్పేమీ లేదు. మా అత్త సంజీవమ్మను కొడుకు దగ్గర కూర్చోబెట్టి, నేను తమ ఆఫీసుకు వచ్చాను.

తమ ఆఫీసు పదిన్నరకు తెరవాలి. తమ గుమాస్తా రఘునాథ్ పదీ యాభైకి వచ్చి కంప్యూటరు తెరిచాడు.

"కండ్లు ఉండాయి, తోలు ఉండాది, మూత్రపిండాలు ఉండాయి. మెదడు ల్యా అక్కా" అన్నాడు.

"ఇతరములు అని రాసుకోప్పా."

"రాసుకున్యా. పుచ్చుకునే మనిషి పేరు, వయసు, రక్తం గ్రూపు, సంతకం అడుగుతాంది. అవి కొట్టకుంటే ముందరికి పోదు."

"మెదడు ఎవురికీ పెట్టరప్పా. డాక్టర్లు చూసేదానికి."

"నాకు తెలుసక్కా. దీనికి తెలీదు" అని కంప్యూటరును చూపించాడు. "సారు చేత్తో సంతకం పెడితే సరిపోతాది. సారు జమ్మలమడుగు క్యాంపులో ఉండాడు."

జమ్మలమడుగు చేరేసరికి పన్నెండు దాటింది. తమరు పులివెందులకు వెళ్ళారని చెప్పారు. మధ్యలో రెండుసార్లు ఫోన్ చేస్తే తమరు కట్ చేశారు. అద్దెకు జీపు మాట్లాడుకొని పులివెందుల గెస్టుహౌసుకు వచ్చేసరికి రెండుంబావు. తమరు భోజనం చేస్తున్నారన్నారు. ఆ భోజనం మూడూ ఇరవై వరకు సాగింది. మా ఊరిలో పెళ్ళి పంక్తులు కూడా అంతసేపు సాగవు. ఆ సమయానికి ఫాయిజా గారు ప్రొద్దుటూరు చేరి, శవాగారం మెట్ల మీద ఐసు పెట్టె పక్కన కూర్చొని ఉన్నారు.

తమరికి జ్ఞాపకం ఉండదు కనుక మన సంభాషణను రికార్డు నిమిత్తం రాస్తున్నాను.

"మీ ఆయనది హత్యా?" అని అడిగారు.

"కాదు సార్."

"ఆత్మహత్యా? యాక్సిడెంటా?"

"కాదు సార్. మెదడులో క్యాన్సరు."

"ఏ జబ్బుతో పోయాడో తెలిసినప్పుడు కోయడం దేనికమ్మా?"

"జబ్బు ఏందో తెలుసు సార్. చికిత్స ఎందుకు నిలబడలేదో తెలీదు. అది చూసేదానికే."

"చూసి ఏం లాభం? బతికొస్తాడా?"

"ఆయన రాడు సార్. ఇదే ఊర్లో, ఈడికి రెండు ఈదుల అవతల, ఇనాయతుల్లా అని ఇంగొకాయన ఉండాడు. ఆయన తలకాయలో గూడా ఇవే కణాలు ఉండాయి. ఆయనకు పనికొస్తాది."

నేను ఆ పొద్దున రాసి తెచ్చిన దరఖాస్తును తమరు తిరగేశారు. "దీని మీద దరఖాస్తుదారు సంతకం ఏది?"

"నేను పెట్టినా సార్, భార్యను."

"దానం చేసేది ఆయన. ఆయన సంతకం కావాలి."

"ఆయన జూన్‌లో పెట్టి ఇచ్చినాడు."

"దాన్ని తిరస్కరించాం."

"బతికుండాడని తిరస్కరించినారు."

"అవును."

"ఇప్పుడు పోయినాడు సార్."

"అందుకే కొత్తది కావాలంటున్నా. రేపూ ఎల్లుండీ దసరా సెలవులు. సోమవారం కమిటీలో పెడతాను. అంతవరకు బాడీని ఐసులో ఉంచుకోండి. ఈలోగా పుచ్చుకొనే వారి వివరాలు నింపి తీసుకురండి."

దానిపై నేను ఒక మాట అన్నాను. దాని సంగతి 8వ అంశంలో వస్తుంది. తమరు హోంగార్డును పిలిచి నన్ను బయటికి పంపించారు. అప్పుడు టైము నాలుగు.

6. నేను గేటు పక్కన అరుగు మీద కూర్చున్నాను. తస్లీమాకు ఫోన్ చేశాను. తస్లీమా, ఇనాయతుల్లా వచ్చారు. ఆయనకు ఎడమ కాలు లాగుతుంది. భార్య భుజం పట్టుకొని నడిచి వచ్చాడు. నేను చెప్పింది విని, "అక్కా, అన్న ఇచ్చింది నాకోసరమే గదా. నేనే పోయి అడుగుతా" అన్నాడు. హోంగార్డు లోపలికి పోనివ్వలేదు. నాలుగూ యాభైకి తమ కారు బయటికి వచ్చింది. టోపీ పెట్టుకున్న ఒక మనిషి తమ వైపు అద్దం మీద అరచేయి ఆనించి ఏదో చెప్పబోయాడు. తమరు అద్దం దించలేదు. ఆ మనిషే ఇనాయతుల్లా. అర్జీదారును గుర్తుపట్టుటకు ఇబ్బంది కలగకుండా ఈ వివరం చేర్చడమైనది.

సాయంత్రం అయిదూ నలభైకి, పన్నెండు గంటలు నిండాక, ఫాయిజా గారు ఫోన్ చేశారు. ఆమె పెట్టెలోని ఐసును ఆసుపత్రి ఆవరణలో ఒంపేశారని మా అత్త తర్వాత చెప్పింది.

మరుసటి రోజు చేను గట్టున మట్టి చేశాము. ఫాయిజా గారు బెంగుళూరుకు పోకుండా ఆగి, మాతోపాటు వచ్చారు. మా అత్త చేతులు పట్టుకొని, "నన్ను క్షమించమ్మా, నా మాట నిలబెట్టుకోల్యాకపోతి" అన్నారు.

మా అత్త చదువుకోలేదు. ఆమె ఏమన్నదో తమ కమిటీ గోడ మీద రాయించుకోవచ్చును. "వాడు ఇస్తానన్యాడు, ఇచ్చినాడు. నువ్వు వస్తానన్యావు, వచ్చినావు. మీ ఇద్దరి మాట నిలబడింది పాపా. అడ్డం పడినోడు యాడుండాడో వాడు మోసుకోనీ."

ఇది తమరికే వర్తిస్తుందని వేరుగా చెప్పనక్కరలేదనుకొంటాను. అయినా తమ గ్రహణశక్తిని ఒకసారి చూసినదాన్ని కనుక చెబుతున్నాను. వర్తిస్తుంది.

7. నా భర్త పోయిన పంతొమ్మిదవ రోజు వేసిన తేదీతో తమ అనుమతి పత్రం రిజిస్టరు పోస్టులో వచ్చింది. "కమిటీ సానుభూతితో పరిశీలించి అనుమతించడమైనది. మృతదేహమును ఈ ఉత్తర్వు అందిన మూడు పనిదినములలోగా హాజరుపరచవలెను" అని అందులో ఉంది. పుచ్చుకొనే వారి పేరు దగ్గర "వర్తించదు" అని తమరే రాశారు. ఆ ఒక్క మాట అక్టోబరు 10వ తేదీ మధ్యాహ్నం మూడున్నరకు రాయడానికి తమకు ఏ వేలు నొప్పి పెట్టిందో దయచేసి తెలియజేయగలరు.

హాజరు విషయమై నా మనవి: శవం చేను గట్టున ఉంది. దానిపై శనగ విత్తాము. తమరే క్యాంపు వేసుకొని రావచ్చును. క్యాంపులంటే తమకు ఇష్టమని విన్నాను.

8. ఇక మెమో. విధి నిర్వహణలో ఉన్న అధికారిని నేను "బుద్ధిలేని దున్నపోతు" అన్నానని తమరు మా శాఖకు రాశారట. నా ఉద్యోగం తీసివేయకుండా ఎందుకు ఉంచాలో కారణం చూపమని మా శాఖ వారు మెమోలో అడిగారు. ఇది సత్యదూరము. మేము జీవాల మీద బతికేవాళ్ళం. వాటి పేరు పెట్టి మనుషులను తిట్టే అలవాటు మా ఇంట్లో లేదు. దున్నపోతు పిలిస్తే వస్తుంది, బరువు పెడితే మోస్తుంది. తమరిని దానితో పోల్చే పొరపాటు నేను చేయను.

మెదడు పుచ్చుకొనే వారి వివరాలు నింపుకు రమ్మని తమరు అన్నప్పుడు నేను అన్న మాటలు ఇవి: "మీ పేరే రాసుకోండి సార్. మీకే అవసరం మాదిరి కనపడతాంది." అక్షరం ఎక్కువ కాదు, తక్కువ కాదు. రఘునాథ్‌ను అడిగితే ఫైలులో సరిదిద్దుతాడు. ఇందుకు క్షమాపణ కోరడం లేదు. ఉద్యోగం తీసివేసినచో ఆ ఉత్తర్వు కూడా పంతొమ్మిది రోజుల తర్వాత వస్తుంది కనుక, అంతవరకు పిల్లలకు గుడ్లు, పాలు ఇస్తూనే ఉంటాను.

9. ఇక నేను అడుగుచున్నది. నా భర్త విషయంలో తమ వల్ల ఇక కాగలిగినది ఏమీ లేదు. ఇనాయతుల్లా విషయంలో ఉంది. ఆయన గడ్డ సెప్టెంబరులో మళ్ళీ పెరిగింది. తన మెదడు కూడా ఇస్తానని ఆయన, ఆయన భార్య ఒప్పుకొని రాసిన దరఖాస్తు దీనికి జత చేశాను. సంతకం ఆయనది. ఆయన జీవించియున్నాడు. అది ఆయన తప్పు కాదు. ఇప్పుడే సంతకం పెట్టి పంపినచో, ఆయన పోయిన రోజు ఎవరూ జీపు మాట్లాడుకొని తమ భోజనం అయ్యేదాకా కూర్చోనక్కరలేదు.

లేనిచో ఆ దంపతులు ఇల్లు ఖాళీ చేసి, బెంగుళూరులో ఆసుపత్రి పక్కన గది తీసుకొని, అక్కడ చావు కోసం ఎదురుచూడాలని అనుకుంటున్నారు. ముప్పై ఏళ్ళు కుట్టుమిషను తొక్కిన వీధిని, అన్నదమ్ములను, మసీదును విడిచిపెట్టి పోవాలి. ఎందుకంటే ఈ జిల్లాలో ఆయన మాటను ఆయన బతికుండగా నమ్మే ఆఫీసరు లేడు. ఫాయిజా గారు వద్దని చెబుతున్నారు. ఇనాయతుల్లా మాత్రం, "అన్నకు జరిగింది నాకు జరగనియ్యను" అంటున్నాడు.

కావున తమరు పై విషయమును, చిత్తమన్నది కార్యాలయంలో అందుబాటులో ఉన్న రోజున, చిత్తగించవలెను. విధేయురాలినని రాయనిదే అర్జీ చెల్లదని రఘునాథ్ చెప్పినందున మాత్రమే,

తమ విధేయురాలు,
నాగలత

జతపరచినవి: సూచికలు నాలుగు, ఇనాయతుల్లా దరఖాస్తు ఒకటి.

తా.క.: సార్, కవరు అంటించబోతాంటే తస్లీమా ఫోన్ చేసింది. ఇనాయతుల్లాకు అక్షరాలు కలిసిపోతాండాయంట. నిన్న ఎవురిదో చొక్కా కొలతలు తనే రాసుకున్న చీటీ తను చదవల్యాక, టేపు మెడలో యేసుకొని శానాసేపు ఊరికే కూచున్యాడంట. పెద్దగా రాసింది మాత్రం ఇంగా చదువుతాండాడు, ఈ నెలంతా చదవొచ్చని ఫాయిజా చెప్పింది. ఈ అర్జీలో మిమ్మల్ని అన్నవన్నీ నేనే అన్యా, ఆయనకేం సంబంధం ల్యా. ఆ కోపం ఆయన మీద పెట్టుకోవద్దు. నన్ను ఉద్యోగంలోంచి తీసేసుకోండి, నేనేమనను. జవాబు మాత్రం నాకొద్దు, ఆయన పేరు మీద పంపండి. 'అనుమతించడమైనది' అనే మాట ఒక్కటీ పెద్దక్షరాలతో రాయండి సార్. కిందిదంతా ఎంత చిన్నగా రాసినా తస్లీమా చదివి చెప్తాది.